మనం ఎప్పుడు వచ్చినాం? చింతామణి వలసల లెక్క

2024 జూలైలో కర్ణాటక మంత్రివర్గం ఒక బిల్లుకు ఒప్పుకున్నింది. ఫ్యాక్టరీల్లో, ఆఫీసుల్లో మేనేజ్‌మెంట్ ఉద్యోగాలు 50 శాతం, మిగతావి 70 శాతం స్థానికులకే ఇవ్వాలని అందులో ఉంది. స్థానికుడు ఎవరయ్యా అంటే, కర్ణాటకలో పుట్టి, 15 ఏళ్ళు ఇక్కడ ఉండి, కన్నడం మాట్లాడేకి, చదివేకి, రాసేకి వచ్చినవాడు. పరిశ్రమల వాళ్ళు గోల చేసినారు, రెండు మూడు రోజుల్లోనే దాన్ని పక్కన పెట్టేసినారు. కానీ మా ఇంటి వాట్సాప్ గుంపులో మాత్రం గోల వారం దాకా ఆగలేదు. ఆ బిల్లు లెక్కన చింతామణిలో పుట్టి కన్నడ మీడియంలో చదువుకున్న మేమంతా ఖాయంగా స్థానికులం. అనంతపురం వైపు నుంచి వచ్చి బెంగళూరులో ఎనిమిదేళ్ళుగా పనిచేస్తా ఉన్న మా ఇంటి అల్లుడు కాదు. ఒకే పంక్తిలో కూర్చొని ముద్ద తినేవాళ్ళలో సగం మంది లోపల, సగం మంది బయట.

ఇంకో తమాషా ఏమంటే, అదే గుంపులో "ఉత్తరం వాళ్ళు వచ్చి బెంగళూరును పాడు చేసినారు" అని రాసే పెద్దమనిషే, అమెరికాలో వీసాల రూలు మారిందని తెలిసిన రోజు "ఇదేం అన్యాయం" అని రాస్తాడు. తప్పు పట్టడం లేదు. మనందరి మనసూ అట్లనే ఉంటుంది. అయితే ఎవరైనా ఎక్కడికైనా పోయి బతకొచ్చని తలుపు తీసి పెడితే వందా రెండొందల ఏళ్ళకు ఆ నేల ఏమవుతుందని ఒక్కసారి నిదానంగా చూద్దామనిపించింది. అది చూసేకి మా తాలూకాకన్నా మంచి చోటు లేదు. ఇక్కడ తలుపే లేదు కాబట్టి.

పటం తీసి చూడండి. చింతామణి నుంచి మదనపల్లెకు పోయే దోవలో రాష్ట్రం మారిందని బోర్డు చూస్తే తప్ప తెలీదు. మధ్యలో పెద్ద ఏరు లేదు, దాటలేని కొండ లేదు. అవే బండలు, అవే చెరువులు, అదే రాగి, అదే వేరుశెనగ. 1799లో టిప్పు పోయినాక మైసూరు ఒడెయర్లకు వచ్చింది. 1800లో నిజాం తన దత్తమండలాలను కంపెనీకి ఇచ్చేసినాడు. అప్పటినుంచి అటువైపు మద్రాసు, ఇటువైపు మైసూరు. మనిషిని ఆపి "నువ్వెవరు" అని అడిగినవాళ్ళు మాత్రం లేరు. ఆపితే గిట్టితే సుంకం చౌకీలో మూటలు చూసేదానికే.

అంతకు ముందు కథ ఇంకా పాతది. విజయనగరం కాలంలో ఈ నేలను మొరసునాడు అనేవాళ్ళు. దేవనహళ్ళి దగ్గర ఆవతి అనే ఊరుంది. కంచి వైపు నుంచి ఏడుగురు అన్నదమ్ములు అక్కడి దొర బాధ పడలేక, బిడ్డల మానం కాపాడుకునేకి బండ్లు కట్టుకొని వచ్చి ఆవతిలో దిగినారని కథ. రణభైరేగౌడ అందులో పెద్దవాడు. దేవనహళ్ళి, చిక్కబళ్ళాపురం, దొడ్డబళ్ళాపురం ఏలినవాళ్ళు ఈ వంశం వాళ్ళే. బెంగళూరు కట్టిన యలహంక ప్రభువులు కూడా తమ మూలం ఈ మొరసు ఒక్కలిగల్లోనే చెప్పుకుంటారు. ఆ ఇంటి కెంపేగౌడ పేరుమీద "గంగాగౌరీవిలాసం" అనే తెలుగు యక్షగానం ఒకటి ఉంది. ఇప్పుడు బెంగళూరులో ఎవరు లోపలివాళ్ళు, ఎవరు బయటివాళ్ళు అని కొట్లాడేటప్పుడు ఈ సంగతి ఎవరికీ గుర్తుండదు. ఊరు కట్టినాయన పూర్వీకులే బండి కట్టుకొని వచ్చినవాళ్ళు.

వచ్చినవాళ్ళను ఎందుకు రానిచ్చినారు? ఇది దయ కాదు, లెక్క. ఆ కాలంలో నేల ఎక్కువ, మనుషులు తక్కువ. అడవి కొట్టి దున్నే చేతులు లేకపోతే పాలెగాడికి పన్ను లేదు, పన్ను లేకపోతే బంట్లు లేరు. అందుకని కొత్తగా వచ్చిన రైతుకు మొదటి ఏండ్లలో పన్ను తక్కువ పెట్టి, పోను పోను పెంచుతా కౌలు ఇచ్చేవాళ్ళు. పక్క పాలెం నుంచి రైతులు లేచి వస్తే ఇక్కడ పండగ, అక్కడ ఏడుపు. బాధ ఎక్కువైతే రైతు లేచిపోతాడు అనే భయమే ఆ కాలంలో దొరకు కళ్ళెం. ఓటు లేని కాలంలో రైతు కాళ్ళే ఓటు. ఇది పుస్తకాల్లో పెద్దగా రాయరు గానీ, తలుపు తెరిచి ఉండడం వల్ల జరిగిన మొదటి రాజకీయ మేలు ఇదేనని మా లెక్క.

రెండో మేలు కళ్ళకు కనిపిస్తుంది: చెరువులు. ఏడాది పొడుగునా పారే నది ఒక్కటీ లేని మా పాత కోలారు జిల్లాలో వేల చెరువులున్నాయి. వీటిని రాజులే కట్టించలేదు. ఎవరైనా సొంత డబ్బుతో చెరువు కట్టినా, తెగిన కట్ట బాగు చేసినా, దాని కింద కొంత మాగాణి వాళ్ళకు మాన్యంగా రాసిచ్చేవాళ్ళు. ఇక్కడి శాసనాల్లో దాన్ని కట్టుకొడిగె అంటారు, రాయలసీమలో దశబంధం అంటారు. పేరు వేరు, పద్ధతి ఒకటే. బయటినుంచి వచ్చినవాడికి ఇంతకన్నా మంచి దోవ ఏముంది? ఉన్నవాళ్ళ మడి లాక్కోనక్కర లేదు, లేని మడిని పుట్టిస్తే చాలు. పుంగనూరు వైపు నుంచి వచ్చిన మా పెద్దోళ్ళు కూడా ఒక చెరువు కట్ట కిందనే నిలబడినారని ఇంట్లో చెప్పుకుంటారు. ఏ ఏడు అనేది ఎవరూ రాసిపెట్టలేదు, అయిదారు తరాలని మాత్రం లెక్క.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాల. వచ్చిన అందరికీ మడి దొరకలేదు. అదే దోవన నడిచి వచ్చిన మాల, మాదిగ కుటుంబాల్లో చాలామంది జీతానికి కుదిరినారు. జీతం అంటే ఇప్పటి నెల జీతం కాదు, తీసుకున్న అప్పుకు తరాల తరబడి వెట్టి. 1976లో చట్టం వచ్చి దాన్ని నిషేధించే దాకా అది బహిరంగంగానే నడిచింది. మన హెరిటేజ్ కథలు ఎక్కువగా భూమి దొరికినవాళ్ళు రాసుకున్నవి. ఒకే తలుపు, లోపలికి వచ్చినాక వేరే వేరే గదులు.

చింతామణి పేరు చింతామణిరావు అనే మరాఠా సర్దారు పేరు మీద వచ్చిందంటారు. ఊరు కట్టింది మరాఠీవాడు, వ్యాపారం నిలబెట్టింది తెలుగు కోమట్లు. బంగారం, వెండి, వడ్డీ లావాదేవీలకు ఇది పాత పేరున్న పేట. తాలూకాలోనే ఉన్న కైవారంలో నారేయణ తాతయ్య తెలుగులోనూ కన్నడంలోనూ తత్వాలు చెప్పినాడు. పాడేవాళ్ళు ఇప్పటికీ రెండూ కలిపే పాడతారు, ఏది ఎవరిదని పంచుకోరు. కోలారు బూదికోటలో పుట్టిన హైదరాలీ ఇంటివాళ్ళు కూడా ఎక్కడినుంచో వచ్చినవాళ్ళే. ఇట్లా రాసుకుంటా పోతే ఈ జిల్లాలో రాని వాడు ఎవడు అని వెతకాల్సి వస్తుంది.

మరి "బయటివాడు" అనే మాట ఎప్పుడు పుట్టింది? మడి కోసం కాదు, కుర్చీ కోసం పుట్టింది.

1881లో బ్రిటిష్ వాళ్ళు మైసూరును మళ్ళీ ఒడెయర్లకు అప్పజెప్పినారు. మొదటి దివాను రంగాచార్లు, ఆయన తర్వాత 1901 దాకా శేషాద్రి అయ్యర్. ఇద్దరూ మద్రాసు రాజధాని నుంచి వచ్చినవాళ్ళు. మంచి పనులు చేసినారు. ప్రజాప్రతినిధి సభ రంగాచార్లు కాలంలో వచ్చింది, శివనసముద్రంలో కరెంటు పని శేషాద్రి అయ్యర్ మొదలుపెట్టించినాడు. 1902లో ఆ కరెంటు మా పక్కనున్న కోలారు బంగారు గనులకు చేరింది. అయితే వాళ్ళతో పాటు మద్రాసు చదువులు చదివిన గుమాస్తాలు, అమల్దార్లు కూడా వచ్చినారు. మైసూరులో చదువుకున్నవాళ్ళకు కడుపు మండింది. "మైసూరు మైసూరువాళ్ళకే" అనే కేక అప్పుడు లేచింది. గమనించండి, సేద్యం చేసే మా ఊళ్ళలో ఆ కేక లేదు. మదనపల్లె నుంచి రైతు వస్తే ఎవరికీ పట్టలేదు, మద్రాసు నుంచి గుమాస్తా వస్తే సంస్థానం కదిలింది. నేల దున్నితే పెరుగుతుంది, సర్కారు కుర్చీ దున్నినా పెరగదు.

1912లో దివాను అయిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యను మైసూరువాళ్ళు "మా వాడు" అన్నారు. ఆయన పుట్టింది మా చిక్కబళ్ళాపురం పక్కన ముద్దేనహళ్ళిలో. ఇంటిపేరు చూడండి: మోక్షగుండం ఆంధ్రలోని ఊరు. ఇంట్లో తెలుగు. తరాల ముందు అక్కడినుంచి లేచి వచ్చిన కుటుంబం. కొత్తగా వచ్చినవాడు బయటివాడు, వాడి మునిమనవడు ఊరికి పెద్దకొడుకు. మధ్యలో ఎన్ని తరాలు పట్టాల అనేదే అసలు ప్రశ్న.

కానీ కథ అక్కడ ఆగలేదు. మద్రాసువాళ్ళు, మైసూరువాళ్ళు అని కొట్లాడుకున్న రెండు పక్షాలూ ఎక్కువగా బ్రాహ్మణులే. మిగతా కులాల వాళ్ళు "మీలో ఎవరు గెలిస్తే మాకేమి" అన్నారు. 1917లో ప్రజామిత్ర మండలి పెట్టినారు. 1918లో మహారాజు మిల్లర్ కమిటీ వేసినాడు, వెనకబడినవాళ్ళకు ఉద్యోగాల్లో వాటా ఇయ్యాలని ఆ కమిటీ చెప్పింది. ఈ దోవ నచ్చకే విశ్వేశ్వరయ్య దివాన్‌గిరీ వదిలినాడు. అంటే లోపల బయట అని మొదలైన గొడవ, లోపల ఉన్నవాళ్ళలో ఎవరికెంత అనే దగ్గర తేలింది. రిజర్వేషన్లు మైసూరుకు అంత తొందరగా రావడానికి ఆ వలస గుమాస్తాలు కూడా ఒక కారణమంటే నవ్వొస్తుంది, కానీ అది నిజం.

హైదరాబాదులో ఇదే ముల్కీ పేరుతో నడిచింది. నిజాం ముల్కీ నిబంధనల ప్రకారం 15 ఏళ్ళు ఉన్నవాడే స్థానికుడు. 1952లో, 1969లో ఆ పేరు మీద ఎంత నెత్తురు కారిందో మీకు తెలుసు. ఆ నిబంధనలు చెల్లుతాయని 1972లో సుప్రీంకోర్టు అంటే అటువైపు జై ఆంధ్రా లేచింది. అక్కడ ఇద్దరిదీ తెలుగే! భాష ఒకటైనంత మాత్రాన కుర్చీ గొడవ తీరదని అంతకన్నా రుజువు అక్కర లేదు. ఆ 15 ఏళ్ళ అంకె 1986 నాటి సరోజినీ మహిషి నివేదికలోనూ వచ్చింది, 2024 బిల్లులోనూ వచ్చింది. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో మేము రోజూ చూసేది ఇదే: ఎవరో ఎప్పుడో పెట్టిన అంకెను తర్వాతి వాళ్ళు ఎందుకని అడక్కుండా కాపీ చేసుకుంటా పోతారు.

ఇంతవరకూ చెప్పింది వచ్చి కలిసిపోయినవాళ్ళ సంగతి. తలుపు తెరిచినాక వేరే విధంగా ముగిసిన కథ కూడా తెలుగువాళ్ళదే ఒకటుంది. రంగూన్.

బర్మా అప్పుడు ఇండియాలో భాగం, పాస్‌పోర్టు లేదు, వీసా లేదు. విశాఖపట్నం, కాకినాడ, కోరంగి రేవుల నుంచి ఓడెక్కితే చాలు. కోరంగి పేరు మీదనే బర్మావాళ్ళు తెలుగువాళ్ళను "కోరంగీలు" అన్నారు. 1931 జనగణన నాటికి రంగూన్‌లో సగానికి పైగా భారతీయులే. రేవులో మూటలు మోసేది ఎక్కువగా తెలుగువాళ్ళు. వాళ్ళను తెచ్చేది మేస్త్రీ, కూలి ఇచ్చేది మేస్త్రీ, అప్పు పెట్టేదీ మేస్త్రీనే. ఎక్కువమంది పెళ్ళాం పిల్లల్ని ఊళ్ళో వదిలి ఒంటరిగా పోయినవాళ్ళు, రెండు మూడేళ్ళకు తిరిగొచ్చి మళ్ళీ పోయేవాళ్ళు. ఇంకోవైపు అప్పులిచ్చింది తమిళ చెట్టియార్లు. 1930ల మాంద్యంలో వరి ధర పడిపోయి బర్మా రైతులు అప్పు తీర్చలేకపోతే, దిగువ బర్మాలోని ముఖ్యమైన వరి జిల్లాల్లో నాలుగో వంతు భూమి చెట్టియార్ల చేతికి పోయింది.

1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు సమ్మె చేసినారు. ఓడల కంపెనీలు వాళ్ళ బదులు బర్మావాళ్ళను పెట్టుకున్నాయి. సమ్మె తీరినాక బర్మావాళ్ళను పొమ్మన్నారు. ఆ రోజు మొదలైన అల్లర్లలో వంద మందికి పైగా చచ్చిపోయినారు, వాళ్ళలో ఎక్కువమంది మనవాళ్ళే. రెండు వైపులా దెబ్బ తిన్నది కూలీలే, కంపెనీకి ఏమీ కాలేదు. 1937లో బర్మాను ఇండియా నుంచి వేరు చేసినారు. 1941లో వలసలు ఆపేకి ఒప్పందం రాసుకున్నారు. జపాన్ బాంబులు పడితే 1942లో లక్షలమంది అడవుల్లో నడిచి వచ్చినారు, దోవలో పోయినవాళ్ళకు లెక్క లేదు. 1962లో నే విన్ వచ్చినాక మిగిలినవాళ్ళ అంగళ్ళు, ఆస్తులు సర్కారు తీసుకుంది, కట్టుబట్టలతో ఓడెక్కించింది. విశాఖపట్నం కంచరపాలెంలో బర్మా క్యాంప్ ఆ మనుషుల ఊరే.

రంగూన్‌నూ చింతామణినీ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా ఎంతమంది వచ్చినారు అనే దాంట్లో లేదు. మా జిల్లాలోనూ తెలుగువాళ్ళే ఎక్కువ ఉన్నారు. ఇక్కడ కుటుంబాలతో వచ్చినారు, చెరువు కట్టినారు, ఉన్న కులాల్లో కలిసినారు, రెండో తరానికి రెండు భాషలూ వచ్చినాయి, చావుకూ పెళ్ళికీ ఊరు ఒకటయ్యింది. అక్కడ మేస్త్రీ చేతికింద మగవాళ్ళు మాత్రమే పోయినారు, నేల అప్పులోకి పోయింది, పాలించేవాడు మూడోవాడు. తలుపు తెరిచింది బర్మావాళ్ళు కాదు, ఇంగ్లీషువాళ్ళు. ఇంటివాణ్ణి అడక్కుండా తెరిచిన తలుపును, ఇంటివాడు చేతికి అధికారం రాగానే మూసేసినాడు. వాళ్ళు మనవాళ్ళను తరిమిన తీరు అన్యాయమే. కానీ వాళ్ళ కోపానికి కారణం లేదని అనలేము.

మా పక్కన కోలారు గనుల్లోనూ రంగూన్ పోలిక కొంచెం ఉంది. ఆర్కాటు, చిత్తూరు వైపు నుంచి వచ్చిన గని కూలీలు కంపెనీ లైన్లలో వేరుగా బతికినారు. అందుకే అక్కడ తమిళనాడు పార్టీ అయిన అన్నా డీఎంకే కూడా ఎమ్మెల్యేను గెలిపించుకుంది, రిపబ్లికన్ పార్టీ కూడా. 2001లో గనులు మూసినాక అక్కడివాళ్ళు రోజూ రైలెక్కి బెంగళూరుకు పనికి పోతా ఉన్నారు.

మా వైపు తెలుగు పార్టీ అనేది పుట్టలేదు. 1955లో రాష్ట్రాల పునర్విభజన కమిషన్ ముందు కోలారు సంగతి వచ్చింది. తెలుగు మాట్లాడేవాళ్ళే ఎక్కువైనా జిల్లా మైసూరులోనే ఉండాలని తేల్చినారు, దానికోసం ఇక్కడ ఎవరూ బస్సులు తగలబెట్టలేదు. చింతామణిలో ఓటు రెడ్డికా ఇంకో రెడ్డికా అనేదే గొడవ. బాగేపల్లి సీపీఎం కోటగా ఉండింది, జి.వి. శ్రీరామరెడ్డి 1994లో, 2004లో అక్కడ గెలిచినాడు. తెలుగు సినిమాల సాయికుమార్ బీజేపీ తరఫున బాగేపల్లిలో రెండుసార్లు నిలబడి రెండుసార్లూ ఓడిపోయినాడు. తెలుగు డైలాగులకు ఈలలు వేస్తారు, ఓటు మాత్రం వేరే లెక్క.

అయితే ఊరికే ఏదీ రాదు. 1982లో రాజ్‌కుమార్ ముందు నడిచిన గోకాక్ ఉద్యమం తర్వాత స్కూళ్ళలో కన్నడం మొదటి భాషగా గట్టిపడింది. మా తరం చదువంతా కన్నడమే. మంచి చదువే, దానిమీద మాకు ఫిర్యాదు లేదు. ఇంట్లో తమిళం మాట్లాడే మాస్తి వెంకటేశ అయ్యంగార్ మా పాత జిల్లావాడే, కన్నడంలో రాసి జ్ఞానపీఠం తెచ్చుకున్నాడు. కానీ మాలో చాలామందికి తెలుగు మాట వచ్చు, అక్షరం రాదు. మేము తెలుగు అక్షరాలు నేర్చుకున్నది ఉద్యోగంలో చేరినాక, సినిమా పోస్టర్లూ బస్సు బోర్డులూ చదువుకుంటా. 2011 జనగణనలో చిక్కబళ్ళాపుర జిల్లాలో తెలుగు మాతృభాష అని చెప్పినవాళ్ళు కన్నడం వాళ్ళకన్నా ఎక్కువ ఉన్నారు. వాళ్ళలో ఎంతమంది ఈ వ్యాసం చదవగలరు అంటే, అందుకే దీన్ని కన్నడ లిపిలో కూడా పెట్టమని మా చిన్నమ్మ అడుగుతా ఉంది. కలిసిపోయినందుకు కట్టిన బాడుగ ఇది. రంగూన్ వాళ్ళు కట్టిన దానితో పోలిస్తే ఎక్కువని అనలేము, తక్కువని సంతోషపడనూ లేము.

ఇప్పుడు బెంగళూరుకు బీహారు నుంచి, ఒడిశా నుంచి, బెంగాల్ నుంచి వచ్చేవాళ్ళను చూస్తే మాకు రెండు బొమ్మలూ కనిపిస్తాయి. కాంట్రాక్టరు వేసిన రేకుల షెడ్లలో ఉండే మగ కూలీలది రంగూన్ బొమ్మ. పిల్లల్ని పక్క సర్కారు స్కూల్లో కన్నడంలో చదివించే కుటుంబాలది చింతామణి బొమ్మ. రాజ్యాంగం 19వ అధికరణం ఇద్దరికీ తలుపు తీసి పెట్టింది. షెడ్డు నుంచి ఇంటికి ఎంత తొందరగా మారతారు అనేది ఇంటి బాడిగ, స్కూలు, రేషన్ కార్డు చేతుల్లో ఉంది. 15 ఏళ్ళని రాసిన కాగితం ఆ పని చెయ్యలేదు. మమ్మల్ని అడిగితే బిల్లులో ఏళ్ళ లెక్క తీసేసి కన్నడం నేర్పించే లెక్క పెట్టమంటాము. మా అల్లుడికి ఇది చెప్తే, నేర్పించేవాళ్ళుంటే రేపే వస్తానన్నాడు.

మా చెరువుల సంగతి చెప్పి ఆపుతాము. బోర్లు వెయ్యి అడుగులు దాటి, నీళ్ళలో ఫ్లోరైడు దిగి, పెద్దోళ్ళు కట్టిన చెరువులు జాలి తుప్పల అడవులైపోయినాయి. 2018 నుంచి కోరమంగల చల్లఘట్ట లోయ పథకం కింద బెంగళూరు మురుగునీళ్ళను శుద్ధి చేసి కోలారు చెరువులకు పంపుతా ఉన్నారు, చింతామణి తాలూకా చెరువులు కొన్ని కూడా అందులో ఉన్నాయి. ఆ నీళ్ళు సరిగ్గా శుద్ధి కాలేదనే గొడవ కోర్టుల దాకా పోయింది, శుద్ధి ఇంకా బాగా చెయ్యాలని రైతులు అడుగుతానే ఉన్నారు. ఏమైనా, నిండిన చెరువు పక్కన బావుల్లో నీళ్ళు పైకొచ్చినాయి. బెంగళూరులో కోటి మంది స్నానం చేసి వదిలిన నీళ్ళవి. అందులో అల్లుడివీ ఉన్నాయి, బీహారు కూలీవీ ఉన్నాయి. వాటితోనే మా వైపు టమాటా పండుతా ఉంది. ఆ టమాటా చింతామణి మార్కెట్టులో లారీలకెక్కి దేశమంతా పోతా ఉంది.